రెండు అక్షరాలు తగ్గాయి, 40 ల్యాప్‌టాప్‌లు ఒంటరివైపోయాయి: బ్లాక్‌చెయిన్‌లో డీఎన్‌ఎస్ పీర్ డిస్కవరీ

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక నెట్‌వర్కింగ్ టాపిక్ చెప్తాను. దాంతో పాటు నా పరువు పోయిన కథ ఒకటి చెప్తాను. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి కాబట్టి విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

ముందు సీన్ వినండి. విజయవాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ, కంప్యూటర్ ల్యాబ్, ఉదయం తొమ్మిదిన్నర. 40 మంది స్టూడెంట్స్ ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చున్నారు. నేనూ, నా ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి సొంతంగా ఒక చిన్న బ్లాక్‌చెయిన్ టెస్ట్ నెట్‌వర్క్ నడుపుతున్నాం. ఈథిరియం సాఫ్ట్‌వేర్ గెత్ ఉంది కదా, దాని మీదే, ప్రూఫ్ ఆఫ్ అథారిటీ పద్ధతిలో. ఆ రోజు వర్క్‌షాప్ ప్లాన్ ఏంటంటే, ఒక్కొక్కరి ల్యాప్‌టాప్ ఒక్కో నోడ్ అయ్యి మా నెట్‌వర్క్‌లో చేరాలి. తర్వాత వాళ్ళే ఒక కాంట్రాక్ట్ రాసి దాంట్లో పెట్టాలి.

"ఎంటర్ కొట్టండి" అన్నాను. కొట్టారు. 40 స్క్రీన్ల మీద ఒకటే లైను పడటం మొదలైంది. లుకింగ్ ఫర్ పీర్స్, పీర్‌కౌంట్ 0. పది సెకన్లు ఆగి మళ్ళీ అదే. లుకింగ్ ఫర్ పీర్స్, పీర్‌కౌంట్ 0. వెనక నిలబడ్డ హెచ్‌ఓడీ సార్ వాచీ చూసుకున్నారు. ముందు రోజు సాయంత్రం ఇదే ల్యాబ్‌లో, ఇదే వైఫై మీద టెస్ట్ చేస్తే చక్కగా పని చేసింది. రాత్రికి రాత్రి ఏమైంది?

ఏమైందో తెలియాలంటే అసలు ఒక కొత్త నోడ్ నెట్‌వర్క్‌లోకి ఎలా వస్తుందో తెలియాలి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

మీరు ఎప్పుడూ వెళ్ళని ఊరికి పెళ్ళికి వెళ్ళారనుకోండి. లొకేషన్ పంపలేదు, ఫోన్ ఎత్తట్లేదు. బస్సు దిగి ఏం చేస్తారు? స్టాండు పక్కన టీ కొట్టు దగ్గర "అన్నా, ఫలానా వాళ్ళ పెళ్ళిల్లు ఎక్కడ?" అని అడుగుతారు. అతను దారి చెప్తాడు. ఆ ఇంటికెళ్ళాక ఒక బాబాయి కనిపిస్తాడు, ఆ బాబాయి ఇంకో పది మందిని పరిచయం చేస్తాడు, సాయంత్రానికి ఊరంతా మీకు తెలిసిపోతుంది. కష్టమంతా ఆ మొదటి మనిషి దొరకడంలోనే ఉంది.

బ్లాక్‌చెయిన్ కూడా సేమ్. మధ్యలో సర్వర్ ఉండదు, ఒక కంపెనీ ఉండదు, అందరూ సమానమే అంటాం కదా. కరెక్టే. కానీ ఇప్పుడే ఇన్‌స్టాల్ అయిన నోడ్‌కి ఈ లోకంలో ఎవరి ఐపీ అడ్రసూ తెలియదు. ఒక్కరు దొరికితే చాలు, మిగతావాళ్ళ గురించి వాళ్ళనే అడగొచ్చు. ఆ ఒక్కరిని వెతికిపెట్టే పనినే పీర్ డిస్కవరీ అంటారు, అందులో ఈ మొదటి అడుగు పేరు బూట్‌స్ట్రాపింగ్.

బిట్‌కాయిన్ 2009 జనవరి 3న మొదలైంది. మొదట్లో అది పీర్లని ఎలా వెతికిందో తెలుసా? ఐఆర్‌సీ అని పాత చాట్ సిస్టమ్ ఉండేది. సాఫ్ట్‌వేర్ వెళ్ళి ఒక చాట్ రూమ్‌లో కూర్చునేది. తన ఐపీ అడ్రస్‌నే కోడ్‌గా మార్చి నిక్‌నేమ్‌గా పెట్టుకునేది. ఆ రూమ్‌లో ఎవరెవరు ఉన్నారో చూస్తే చాలు, వాళ్ళ అడ్రస్‌లన్నీ వచ్చేసినట్టే. తర్వాత దాని స్థానంలో డీఎన్‌ఎస్ సీడ్స్ వచ్చాయి. అంటే కోడ్‌లోనే కొన్ని డొమైన్ పేర్లు రాసి ఉంటాయి. మన బ్రౌజర్ ఒక వెబ్‌సైట్ పేరు అడిగితే డీఎన్‌ఎస్ ఐపీ అడ్రస్ ఇస్తుంది కదా, అలాగే బిట్‌కాయిన్ నోడ్ ఆ పేర్లు అడిగితే ఇప్పుడు నడుస్తున్న కొన్ని బిట్‌కాయిన్ నోడ్ల ఐపీలు వస్తాయి. ఈ సీడ్లు ఒకరి చేతిలో కాకుండా వేర్వేరు మనుషులు నడుపుతారు. డీఎన్‌ఎస్ అసలు పలకకపోతే, చివరి దిక్కుగా కోడ్‌లోనే కొన్ని అడ్రస్‌లు పెట్టి ఉంటాయి.

ఈథిరియం 2015 జూలై 30న వచ్చింది. వీళ్ళ దారి వేరు. కోడ్‌లో బూట్‌నోడ్స్ అని కొన్ని ఫిక్స్‌డ్ నోడ్ల అడ్రస్‌లు ఉంటాయి. అవే మన టీ కొట్లు. కొత్త నోడ్ వాటిని యూడీపీ మీద పలకరిస్తుంది, అవి తెలిసిన నోడ్ల పేర్లు చెప్తాయి, వాళ్ళు ఇంకొందరిని చెప్తారు. మామూలుగా 30303 అనే పోర్ట్ మీద ఇదంతా జరుగుతుంది.

మేము కూడా మొదట ఇదే పెట్టుకున్నాం. క్లౌడ్‌లో చిన్న మెషీన్ తీసుకుని ఒక్క బూట్‌నోడ్. ఫ్రీ క్రెడిట్స్ అయిపోయాయి, మెషీన్ ఆగిపోయింది. డబ్బులు కట్టి మళ్ళీ స్టార్ట్ చేస్తే కొత్త ఐపీ వచ్చింది. కానీ అందరి కాన్ఫిగ్ ఫైల్స్‌లో పాత ఐపీనే ఉంది! టీ కొట్టు వేరే వీధికి మారిపోయింది, చుట్టాలేమో పాత స్టాండ్‌లోనే నిలబడి ఉన్నారు. ఒక్కొక్కళ్ళకి ఫోన్ చేసి "ఈ లైన్ మార్చు మామా, ఆ లైన్ మార్చు మామా" అని చెప్పుకుంటూ కూర్చున్నాం.

ఇంకో సమస్య కూడా ఉంది. కాలేజీ వైఫై, ఆఫీస్ వైఫై లాంటి చోట్ల యూడీపీని చాలాసార్లు బ్లాక్ చేస్తారు. ఆ కాలేజీలో కూడా అంతే. ల్యాబ్ ఇన్‌ఛార్జి సార్‌ని బతిమాలితే టీసీపీ 30303 తెరిచారు గానీ యూడీపీకి మాత్రం ఒప్పుకోలేదు. అంటే బూట్‌నోడ్ ఉన్నా అక్కడ దాని మాట వినపడదు.

మరి ఎంత స్ట్రిక్ట్ నెట్‌వర్క్ అయినా మూయలేనిది ఏంటి? డీఎన్‌ఎస్. అది మూస్తే యూట్యూబ్ కూడా తెరుచుకోదు.

ఈ ఆలోచనతోనే ఈథిరియం వాళ్ళు ఒక స్టాండర్డ్ రాశారు. ఈఐపీ 1459, పేరు నోడ్ డిస్కవరీ వయా డీఎన్‌ఎస్. 2018లో ఫెలిక్స్ లాంగే, పీటర్ సిలాగీ రాశారు. ఇద్దరూ గెత్ మీద పని చేసినవాళ్ళే. నోడ్ల లిస్ట్‌ని డీఎన్‌ఎస్‌లో పెట్టాలి, కానీ మధ్యలో ఎవడూ మార్చలేనట్టు పెట్టాలి. ఇదే ఐడియా.

ఎలా పెడతారు? జాగ్రత్తగా వినండి, మన కథలో దొంగ ఇక్కడే దాక్కున్నాడు.

డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డ్ అని ఒకటి ఉంటుంది. ఐపీ అడ్రస్ కాకుండా మామూలు టెక్స్ట్ పెట్టుకోవచ్చు. లిస్ట్ మొత్తాన్ని ఈ టెక్స్ట్ రికార్డుల్లో ఒక చెట్టులా పెడతారు. ఆకులు, కొమ్మలు, వేరు.

ఆకు అంటే ఒక నోడ్ వివరం. దాన్ని ఈఎన్‌ఆర్ అంటారు. ఆ నోడ్ పబ్లిక్ కీ, ఐపీ, పోర్ట్ ఉంటాయి. దాని మీద ఆ నోడ్ సంతకమే ఉంటుంది. మొత్తం 300 బైట్లు దాటకూడదు.

కొమ్మ అంటే బ్రాంచ్ రికార్డ్. దాంట్లో తన కింద ఉన్న ఆకుల హాష్‌లు వరసగా, కామాలతో ఉంటాయి. ఒక్కో హాష్ 26 అక్షరాలు. ఇక్కడ ఒక అందమైన ట్రిక్ ఉంది. ప్రతి రికార్డ్‌ని ఏ పేరు మీద పెడతారంటే, ఆ రికార్డ్‌లో ఉన్న టెక్స్ట్ హాషే దాని సబ్‌డొమైన్ పేరు! అంటే నోడ్ ఒక పేరు అడుగుతుంది, టెక్స్ట్ వస్తుంది, ఆ టెక్స్ట్‌కి తనే హాష్ వేసి చూసుకుంటుంది. పేరుతో కలిస్తే ఓకే. ఒక్క అక్షరం తేడా ఉన్నా అవతల పారేస్తుంది.

వేరు అంటే రూట్ రికార్డ్. మెయిన్ డొమైన్ పేరు మీద ఉండేది ఇదొక్కటే. దాంట్లో నోడ్ల చెట్టు పై కొమ్మ హాష్ ఉంటుంది, వేరే లిస్టులకి లింకులు ఉంటే వాటి హాష్ ఉంటుంది, సీక్వెన్స్ నంబర్ ఉంటుంది, చివర సంతకం ఉంటుంది. లిస్ట్ మార్చిన ప్రతిసారీ సీక్వెన్స్ నంబర్ పెరగాలి. సంతకం లిస్ట్ తయారు చేసినవాళ్ళది.

మీరు కొత్త నోడ్‌కి ఇచ్చేది ఒక్క లింక్. దాంట్లో సంతకం చేసేవాళ్ళ పబ్లిక్ కీ, తర్వాత ఎట్ గుర్తు, తర్వాత డొమైన్ పేరు. అంతే. లిస్ట్‌లో నోడ్లు మారినా, ఐపీలు మారినా, లింక్ మారదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అక్కర్లేదు. ఊరి పొలిమేరలో బోర్డు పెట్టి, రోజూ దాని మీద కొత్త వివరాలు రాసి, కింద పంచాయతీ ముద్ర వేసినట్టు. బోర్డు ఎవరు మోసుకొచ్చారన్నది మనకి అనవసరం. ముద్ర అసలుదా కాదా అని చూసుకుంటే చాలు.

ఇప్పుడు మేము చేసిన సెటప్ స్టెప్స్ చెప్తాను. గెత్‌తో పాటు డెవ్‌పీటూపీ అని ఒక కమాండ్‌లైన్ టూల్ వస్తుంది. పనంతా దాంతోనే.

ఒకటి, కీ తయారు చేసుకోవాలి. ఈత్‌కీ అనే టూల్‌తో జనరేట్ చేస్తే ఒక ఫైల్ వస్తుంది. దాన్ని పాస్‌వర్డ్‌తో జాగ్రత్తగా దాచాలి. గిట్‌లోకి పుష్ చేశారో, మీ బోర్డు ముద్ర రోడ్డు మీద పెట్టినట్టే.

రెండు, క్రాల్. ఆ టూల్ మీ నెట్‌వర్క్ అంతా తిరిగి ఎవరెవరు బతికున్నారో ఒక జేసన్ ఫైల్‌లో రాస్తుంది. అరగంట టైమ్ ఇస్తే చాలు. సొంత నెట్‌వర్క్ అయితే మీ నోడ్ అడ్రస్ ఒకటి బూట్‌నోడ్‌గా ఇవ్వాలి, లేకపోతే అది వేరే ప్రపంచమంతా తిరిగి వస్తుంది. ఇది ఇంట్లోంచి చేయండి, యూడీపీ పని చేసే చోటు నుంచి.

మూడు, ఫిల్టర్. దొరికిన ప్రతి నోడ్‌నీ లిస్ట్‌లో పెట్టకూడదు. బయటి నుంచి కనెక్షన్ తీసుకోగలిగినవి, ఎప్పుడూ ఆన్‌లో ఉండేవి మాత్రమే పెట్టాలి. మన ఇంటి రౌటర్ వెనక, మొబైల్ డేటా వెనక ఉన్న నోడ్‌ని బయటివాళ్ళు తలుపు కొట్టలేరు. ఎన్ని రోజులుగా కనిపిస్తోంది, ఏ ఐపీ రేంజ్‌లో ఉంది, ఇలాంటి ఫిల్టర్లు టూల్‌లోనే ఉన్నాయి.

నాలుగు, సైన్. ఫోల్డర్‌నీ, కీ ఫైల్‌నీ ఇస్తే చెట్టు కట్టి, సంతకం పెట్టి, సీక్వెన్స్ నంబర్ తనే ఒకటి పెంచుతుంది. లింక్ కూడా అదే ఇస్తుంది.

ఐదు, పబ్లిష్. క్లౌడ్‌ఫ్లేర్‌కి గానీ, అమెజాన్ రూట్ 53కి గానీ నేరుగా పంపే కమాండ్లు ఆ టూల్‌లో ఉన్నాయి.

ఆరు, గెత్‌కి డిస్కవరీ డీఎన్‌ఎస్ అనే ఫ్లాగ్ పెట్టి ఆ లింక్ ఇవ్వాలి. అయిపోయింది.

నేను తప్పు చేసింది ఐదో స్టెప్‌లో. నా డొమైన్ వేరే చోట కొన్నాను. ఆ ప్యానెల్‌కి డైరెక్ట్ కమాండ్ లేదు. "ఎంతుందిలే, చిన్న లిస్టే కదా" అని టూల్ ఇచ్చిన రికార్డులు చేత్తో కాపీ పేస్ట్ చేశాను. మాకు 8 నోడ్లు. అంటే 8 ఆకులు, ఒక కొమ్మ, ఒక వేరు, ఇంకా లింకుల కోసం ఖాళీ కొమ్మ ఒకటి. మొత్తం 11 రికార్డులు. టీ తాగేలోపు అయిపోయింది. ముందు రోజు సాయంత్రం కాలేజీలో కొత్త ల్యాప్‌టాప్‌తో టెస్ట్ చేశాం, నిమిషంలోపే పీర్లు వచ్చేశాయి. ఆ సంతోషంలో "ఇక బూట్‌నోడ్ ఎందుకు, డబ్బు దండగ" అని దాన్ని ఆపేశాను.

ఆ రాత్రి పదకొండున్నరకి గుంటూరు నుంచి మా వాడు ఫోన్ చేశాడు. "మామా, రేపు 40 మంది ఒకేసారి వస్తారు కదా, 8 నోడ్లు ఏం సరిపోతాయి? నేనొకటి నా డబ్బులతో తీసి పెట్టాను, లిస్ట్‌లో కలుపు" అన్నాడు. మంచి మనసుతోనే చేశాడు. నేను సైన్ చేశాను. మారిన రికార్డులు మూడే, కొత్త ఆకు, కొత్త కొమ్మ, వేరు. పేస్ట్ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో గెత్ రీస్టార్ట్ చేస్తే పీర్లు కనపడ్డాయి. పడుకున్నాను.

మళ్ళీ ల్యాబ్‌కి వద్దాం. పీర్‌కౌంట్ 0. నాకు చెమటలు. మొదట వైఫైని తిట్టాను. ల్యాబ్ ఇన్‌ఛార్జి సార్ దగ్గరికి వెళ్ళి "సార్, మీరు పోర్ట్ మళ్ళీ మూసేసినట్టున్నారు" అన్నాను. ఆయన ఓపిగ్గా తెరిచి చూపించారు, మూయలేదు. తర్వాత కారిడార్‌లోకి వెళ్ళి మా వాడికి ఫోన్ చేశాను. "నిన్నటిదాకా బాగానే ఉంది. నీ నోడ్ వచ్చాకే పోయింది. నిన్నెవడు కలపమన్నాడ్రా?" అని గట్టిగానే అన్నాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. "సరే, తీసెయ్ మరి" అని పెట్టేశాడు. ఆ "సరే" ఇప్పటికీ నా చెవిలో ఉంది.

లోపలికి వచ్చి ప్రొజెక్టర్ మీద టెర్మినల్ తెరిచాను. పిల్లల ముందు దాచేది ఏముంది, అందరం కలిసే చూద్దాం అన్నాను. ఇక్కడ మీరు నేర్చుకోవాల్సిన మొదటి విషయం చెప్తాను. గెత్ లాగ్‌లో పీర్‌కౌంట్ పక్కనే ట్రైడ్ అని ఇంకో నంబర్ ఉంటుంది. ఎంతమందిని పలకరించడానికి ప్రయత్నించిందో ఆ లెక్క. అది కూడా 0 ఉంది. నేను పొద్దున్నుంచి దాన్ని చూడనేలేదు. ఫైర్‌వాల్ అడ్డుపడితే నోడ్ ప్రయత్నిస్తుంది, ఫెయిల్ అవుతుంది, అంటే ట్రైడ్ నంబర్ పెరుగుతుంది. ట్రైడ్ కూడా 0 అంటే దానికి పలకరించడానికి ఒక్క అడ్రస్ కూడా దొరకలేదని. అంటే తప్పు దారిలో లేదు, బోర్డులో ఉంది.

డిగ్ కమాండ్‌తో డొమైన్ టీఎక్స్‌టీ రికార్డ్ అడిగాను. వేరు వచ్చింది, సీక్వెన్స్ నంబర్ కొత్తదే. దాంట్లో ఉన్న హాష్ పేరు మీద కొమ్మని అడిగాను. అదీ వచ్చింది. పెద్ద లైను, హాష్ కామా హాష్ కామా. నాకు అంతా బాగానే కనపడింది. "రికార్డులు ఉన్నాయి మరి, ఎందుకు తీసుకోవట్లేదు" అని నాలో నేనే గొణుక్కుంటున్నాను.

రెండో వరసలో ఒక సెకండియర్ అమ్మాయి చెయ్యెత్తింది. "అన్నా, ఒక్కో ముక్క ఎన్ని అక్షరాలు ఉండాలన్నారు?"

"26."

"చివరిది 24 ఉందన్నా."

లెక్కపెట్టాను. నిజమే, 24. ల్యాబ్ అంతా సైలెంట్.

ఎందుకు తగ్గింది? బోర్డు మీద లెక్క వేశాం. మీరూ వేయండి. బ్రాంచ్ రికార్డ్ మొదట్లో ఈఎన్‌ఆర్‌ట్రీ బ్రాంచ్ కోలన్ అనే మాట ఇంగ్లిష్‌లో 15 అక్షరాలు. 8 నోడ్లు ఉన్నప్పుడు 8 హాష్‌లు, ఒక్కోటి 26, అంటే 208. మధ్యలో 7 కామాలు. మొత్తం 230. 9 నోడ్లు అయితే? 15, ప్లస్ 234, ప్లస్ 8 కామాలు. 257.

డీఎన్‌ఎస్ రూల్స్ 1987లో ఆర్‌ఎఫ్‌సీ 1035 అనే డాక్యుమెంట్‌లో రాశారు. టీఎక్స్‌టీ రికార్డ్‌లో ఒక్కో స్ట్రింగ్ ముందు దాని పొడవు ఎంతో ఒక్క బైట్‌లో రాస్తారు. ఒక బైట్‌లో పట్టే పెద్ద నంబర్ 255. కాబట్టి ఒక స్ట్రింగ్ 255 దాటకూడదు. దాటితే రెండు స్ట్రింగులుగా విడగొట్టి ఒకే రికార్డ్‌లో పెట్టాలి. చదివేవాళ్ళు కలుపుకుని చదువుకుంటారు. గెత్ కూడా అలాగే కలుపుకుంటుంది. కానీ నేను వాడిన ప్యానెల్ విడగొట్టలేదు, ఎర్రర్ కూడా ఇవ్వలేదు. 255 దగ్గర కత్తిరించి "సేవ్డ్" అని పచ్చ టిక్కు చూపించింది. చివరి రెండు అక్షరాలు గాల్లో కలిసిపోయాయి.

రెండు అక్షరాలు పోతే పోయింది ఒక్క నోడ్ అడ్రసేగా అనుకోవచ్చు. కాదు. కొమ్మ టెక్స్ట్ మారిందంటే దాని హాష్ మారిపోయింది. దాని పేరుతో కలవలేదు. నోడ్ ఆ కొమ్మ మొత్తాన్ని పారేసింది. మా చెట్టుకి ఉన్న కొమ్మే ఒకటి. 9 ఆకులూ పోయాయి. మోసం జరగకూడదని పెట్టిన కాపలా తన పని తను కరెక్ట్‌గా చేసింది. ఎవడో దుర్మార్గుడు మార్చాడా, పిచ్చి ప్యానెల్ కత్తిరించిందా అన్నది దానికి అనవసరం.

మరి రాత్రి నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు పని చేసింది? ఎందుకంటే అది పాత చుట్టం. గెత్ తనకి తెలిసిన నోడ్లని డేటా ఫోల్డర్‌లో దాచుకుంటుంది. బోర్డు చూడాల్సిన అవసరమే దానికి రాలేదు. ఊళ్ళో అందరూ తెలిసినవాడిని తీసుకెళ్ళి "దారి ఈజీగా దొరికిందా?" అని అడిగినట్టు. డిస్కవరీని ఎప్పుడూ ఖాళీ డేటా ఫోల్డర్‌తో, కొత్త మెషీన్ మీద టెస్ట్ చేయండి. నడుస్తున్న నెట్‌వర్క్ బయటికి నిక్షేపంలా కనిపిస్తుంది, కొత్తవాళ్ళకి తలుపు మూసుకుపోయిన సంగతి లోపలివాళ్ళకి తెలియదు.

ఆ పూట ఎలా గట్టెక్కాం? మా వాడి నోడ్ తాత్కాలికంగా తీసేసి, పాత 8 నోడ్లతో మళ్ళీ సైన్ చేశాను. అవే 8 ఆకులు, అదే వరస, కాబట్టి అదే కొమ్మ, అదే పేరు. అదృష్టం ఏంటంటే పాత కొమ్మని నేను ఇంకా డిలీట్ చేయలేదు. అంటే మార్చాల్సింది ఒక్క వేరే. మార్చాను. కానీ కాలేజీ డీఎన్‌ఎస్ సర్వర్ పాత వేరుని గుర్తుపెట్టుకుని ఉంటుంది కదా. ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పేదే టీటీఎల్. వేరుకి అరగంట పెట్టాను. ఆ అరగంటలో నేను చేయగలిగిందేమీ లేదు, అందుకే ఇప్పుడు మీకు చెప్పిన టీ కొట్టు కథ వాళ్ళకి చెప్పాను. చెప్తుండగానే ఒక మూల నుంచి "అన్నా, ఒకటి వచ్చింది!" అన్నారు. తర్వాత ఇంకొకటి. తర్వాత ల్యాబ్ అంతా గోల.

టీటీఎల్ గురించి ఒక మాట. వేరు పేరు మారదు, లోపలిది మారుతుంది. అందుకే దానికి తక్కువ టైమ్ పెట్టాలి. ఆకులు, కొమ్మల పేరే వాటి హాష్, లోపల మారితే పేరే మారిపోతుంది. కాబట్టి వాటికి రోజులు, వారాలు పెట్టినా నష్టం లేదు. అలాగే ఆర్డర్ కూడా ముఖ్యం. ముందు కొత్త ఆకులు, కొమ్మలు పెట్టాలి. తర్వాత వేరు మార్చాలి. పాతవి అన్నిటికంటే చివర తీయాలి. ముందే వేరు మారిస్తే, ఇంకా లేని కొమ్మ కోసం జనం వెతుక్కుంటారు. రూట్ 53కి పంపే కమాండ్ ఈ ఆర్డర్ తనే పాటిస్తుంది, 255 దగ్గర విడగొట్టడం కూడా తనే చేస్తుంది. నేను చేత్తో చేయబోయి ఆ రెండూ పోగొట్టుకున్నాను.

ఇప్పుడు మీలో కొందరికి డౌట్ వచ్చి ఉంటుంది. "అన్నా, సెంట్రల్ సర్వర్ వద్దనే కదా బ్లాక్‌చెయిన్. మళ్ళీ డీఎన్‌ఎస్ ఏంటి, ఒకళ్ళ సంతకం ఏంటి?" కరెక్ట్ డౌట్. సంతకం ఉంది కాబట్టి డీఎన్‌ఎస్ నడిపేవాడు లిస్ట్‌ని మార్చలేడు. కానీ ఇవ్వకుండా ఆపగలడు. డొమైన్ రెన్యువల్ మర్చిపోతే ఆ బోర్డే ఉండదు. ఇంకా పెద్దది, కీ ఉన్నవాడు కావాలంటే తన నోడ్లే లిస్ట్‌లో పెట్టి, కొత్తగా వచ్చినవాడిని తన మనుషుల మధ్యే కూర్చోబెట్టగలడు. దాన్ని ఎక్లిప్స్ అటాక్ అంటారు. బయట ఊళ్ళో ఏం జరుగుతోందో వాడికి తెలియనివ్వరు. కాబట్టి డీఎన్‌ఎస్‌ని ఒక్కటే దారిగా పెట్టుకోకండి. బూట్‌నోడ్లు ఉంచండి, యూడీపీ డిస్కవరీ ఉంచండి, వేరే వాళ్ళు సంతకం చేసిన లిస్టులకి లింకులు ఇవ్వండి. ఆ లింకుల కొమ్మ ఉన్నది అందుకే. మా దాంట్లో అది ఖాళీగా ఉండేది. ఈథిరియం మెయిన్ నెట్‌వర్క్‌లో కూడా డీఎన్‌ఎస్ లిస్ట్ మిగతా పద్ధతులకి తోడుగానే ఉంది, వాటికి బదులుగా కాదు. డబ్బు మిగుల్చుకుందామని నేను టీ కొట్టు ఎత్తేయించి బోర్డు ఒక్కటే ఉంచాను చూడండి, అది అసలు తప్పు.

మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో మా వాడికి మళ్ళీ ఫోన్ చేశాను. "నీ నోడ్‌లో ఏ తప్పూ లేదు మామా. తొమ్మిదోది ఎవరు పెట్టినా ఇదే జరిగేది. చూసుకోకుండా నోరు జారాను, సారీ" అన్నాను. "తెలుసులే, నా నోడ్ లాగ్ నేను చూసుకున్నా. నువ్వు తిన్నావా?" అన్నాడు. ఆ సాయంత్రం బూట్‌నోడ్ మళ్ళీ స్టార్ట్ చేశాం, డొమైన్‌ని టూల్ సపోర్ట్ చేసే చోటుకి మార్చాం, తొమ్మిదో నోడ్‌ని సరిగ్గా కలిపాం. ఇప్పుడు లిస్ట్ మారిన ప్రతిసారీ ఒక చిన్న స్క్రిప్ట్ నడుస్తుంది. డెవ్‌పీటూపీలో డీఎన్‌ఎస్ సింక్ అనే కమాండ్ ఉంది, అది మన లింక్ పట్టుకుని చెట్టంతా బయటి నుంచి దింపి, సంతకాలు, హాష్‌లు అన్నీ చెక్ చేస్తుంది. అది పాస్ అయితేనే పడుకుంటాం. ఆ రాత్రి ఆ ఒక్క కమాండ్ కొట్టి ఉంటే ఈ ఎపిసోడే ఉండేది కాదు.

ఆ అమ్మాయిని తర్వాత అడిగాను, ఎలా పట్టుకున్నావని. "మీరు 26 అన్నారు కదన్నా, నిజమో కాదో అని లెక్కపెట్టాను" అంది. ఆ ల్యాబ్‌లో నోడ్ చేసిన పని కూడా అదే. వచ్చిన టెక్స్ట్‌ని అలాగే నమ్మేయలేదు, హాష్ వేసి చూసుకుంది. పచ్చ టిక్కు చూసి నమ్మేసింది నేనొక్కడినే.

సరే ఫ్రెండ్స్, ఈరోజుకి ఇంతే. మీరు సొంతంగా టెస్ట్ నెట్‌వర్క్ పెడుతుంటే ముందు ఖాళీ ఫోల్డర్‌తో ఒక్కసారి ట్రై చేయండి. మీ బ్యాచ్‌లో ఇలాంటి పని చేస్తున్నవాళ్ళుంటే ఇది పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో రౌటర్ వెనక ఉన్న నోడ్‌ని బయటి నుంచి ఎలా పలకరించాలో, అంటే నాట్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.